నేత: రెండు వరసల్లో నిలబడ్డ మాట

హైదరాబాద్‌లో పోలీస్ అకాడమీ కూడలి దాటి బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే ముందు మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల. ఆ కూడలి నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు అటూ ఇటూ దాదాపు 900 మర్రిచెట్లు. వాటిని కాపాడుకోవడానికి గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ ఊడల సందున, కూడళ్లలో, బస్టాపుల దగ్గర ఫ్లెక్సీలు కనిపిస్తాయి. పుట్టినరోజు శుభాకాంక్షలవి కొన్ని, పదవి వచ్చినందుకు అభినందనలవి కొన్ని. అన్నింటి మీదా ఒకే మాట: యువనేత, జననేత, ప్రియతమ నేత. ఎండకూ వానకూ పాతబడ్డ ఫ్లెక్సీని దగ్గరగా చూస్తే అంచున రంగు పొర లేచిపోయి లోపలి పోగులు బయటపడి ఉంటాయి. నిలువునా కొన్ని, అడ్డంగా కొన్ని, సన్నని జల్లెడలా. ఆ పాలిస్టర్ పోగుల మీద ప్లాస్టిక్ పూసి, దాని మీద బొమ్మ అచ్చేస్తారు. గాలికి ఫ్లెక్సీ చిరిగిపోకుండా పట్టి ఉంచేవి ఆ పోగులే. నిలువు పోగునూ అడ్డపోగునూ కలిపి గుడ్డ చేసే విద్యకు తెలుగులో ఉన్న పేరు కూడా నేతే. పైన రాసిన నేతా, గుడ్డలోని నేతా ఒకే మాటా, రెండు మాటలా? ఈ ప్రశ్న వేయడానికి చేవెళ్ల కంటే తగిన చోటు లేదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్.రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలైంది ఇక్కడే. 2021 అక్టోబర్ 20న ఆయన కూతురు షర్మిల నడక మొదలుపెట్టిందీ ఇక్కడే. మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి పేరునే 1978లో ఏర్పడ్డ జిల్లాకు పెట్టుకున్నారు. నాయకుడనే అర్థంలో నేత అన్న మాట ఇక్కడి గాలిలోనే ఉంది. రెండో అర్థమే వెనకపడింది. ఈ కథనం దాని గురించే.

వ్యాకరణం దగ్గర మొదలుపెడదాం. తెలుగులో కొన్ని క్రియలకు చివర ఉన్న 'యు' పోయి 'త' చేరితే ఆ పని పేరు వస్తుంది. కోయు కోత అవుతుంది, మేయు మేత అవుతుంది. పూయు పూత, కాయు కాత, మోయు మోత, రాయు రాత. చేవెళ్ల చుట్టుపక్కల టమాట వేసే రైతు నోట ఇవి పొద్దున లేస్తే వచ్చే మాటలు. ఈసారి పూత బాగుంది, కాత నిలవలేదు, కోతకు కూలీలు దొరకడం లేదు, గొర్లకు మేత లేదు. నేయు నుంచి వచ్చిన నేత సరిగ్గా ఈ వరసలోది. చేను, చెట్టు, మంద, మగ్గం అన్నీ ఒకే అచ్చులో పోసిన మాటలతో నడిచాయి. ఇక రెండో వరస సంస్కృతానిది. దా అనే ధాతువు నుంచి దాత, జి నుంచి జేత, శ్రు నుంచి శ్రోత, క్రీ నుంచి క్రేత. అలాగే దారి చూపడం, ముందుండి తీసుకుపోవడం అనే అర్థమున్న నీ ధాతువు నుంచి నేత. నాయకుడు, నీతి, నయనం, నేత్రం ఆ ధాతువు బిడ్డలే. రెండు వరసలకూ తేడా ఒక్కచోట తెలిసిపోతుంది. మొదటి వరసలోని మాట పనికి పేరు, రెండో వరసలోని మాట మనిషికి పేరు. కోత అంటే కోసేవాడు కాదు, దాత అంటే ఇవ్వడం కాదు. అందుకే బహువచనంలో 'నేతలు' అంటే నాయకులే తప్ప ఇంకో అర్థం తోచదు. నేసే మనిషిని చెప్పాలంటే నేతగాడు అనో, నేత కార్మికుడు అనో మరో మాట తగిలించాలి. నాయకుడికి ఆ అవసరం లేదు, ఆ మాటలోనే మనిషి ఉన్నాడు. శబ్దం ఒకటే అయినా నిలబడ్డ వరసలు వేరు, పుట్టిన ఇళ్లు వేరు.

నేసే నేత కూడా సంస్కృతం నుంచే వచ్చి ఉండకూడదా అని అడిగేవాళ్లుంటారు. కాస్త గంభీరంగా వినిపించే ప్రతి మాటకూ సంస్కృతంలో పుట్టిల్లు వెతకడం మనకు పాత అలవాటు. కానీ నేయడానికి సంస్కృతం వాడిన ధాతువు వేరే ఉంది. వయతి అంటే నేస్తాడు, తంతువాయుడు అంటే నేతగాడు. నీ ధాతువుకు మగ్గంతో పని లేదు. ఇటు చూస్తే తమిళంలో నేయడానికి నెయ్, నేతపనికి నెసవు. మలయాళంలో నెయ్త్తు. కన్నడంలో నేయ్, నేయ్గె. అరువు తెచ్చుకున్న మాటలు సాధారణంగా నామవాచకాలుగా వచ్చి కూర్చుంటాయి. పొరుగు భాషలన్నింటిలోనూ క్రియ తన సొంత రూపాలతో, సొంత ప్రత్యయాలతో ఇలా వేళ్లూని ఉందంటే అది తాతలనాటి ఉమ్మడి ఆస్తి. బరో, ఎమెనోలు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నింటినీ ఒకే పద్దు కింద పెట్టింది. ఇంకో తప్పుదారి గురించి కూడా చెప్పాలి. తమిళంలో నెయ్ అంటే నేయడం, నెయ్యి కూడా. తెలుగులో నెయ్యం అంటే స్నేహం. మనుషుల్ని కలిపేది నెయ్యం, పోగుల్ని కలిపేది నేత, కాబట్టి రెండూ ఒకటే అంటే సభలో చప్పట్లు పడతాయి. కానీ శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. కుదిరితే ఫ్లెక్సీ మీది నేతా ఫ్లెక్సీలోని నేతా అన్నదమ్ములైపోతారు. మాటల చుట్టరికానికి సాక్ష్యం పొరుగు భాషల్లో, వ్యాకరణంలో దొరకాలి, చెవికి ఇంపుగా ఉండటంలో కాదు.

పుట్టుక తేలింది. అర్థం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలంటే పక్కనే ఉన్న 'అల్లు' అనే క్రియను పిలవాలి. గుడ్డ నేస్తారు, బుట్ట అల్లుతారు. గొంగడి నేస్తారు, మంచానికి నులక అల్లుతారు. మొయినాబాద్, చేవెళ్ల పొలాల నుంచి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి, ఆ పూలను ఆడవాళ్లు దండలుగా అల్లుతారు, ఎవరూ దండ నేయరు. కథ అల్లుతారు, అందులో కొంచెం అబద్ధం వాసన కూడా ఉంటుంది. ఈ విభజన యాదృచ్ఛికం కాదు. అల్లడానికి చేతులూ, ఒక పోగో ఈనో తీగో చాలు. నేయడానికి ముందే సాగదీసి కట్టిన పడుగు ఉండాలి, దాన్ని దాటుకుంటూ అటూ ఇటూ పోయే పేక ఉండాలి, రెంటినీ పట్టి నిలబెట్టే మగ్గం ఉండాలి. నేత అంటే తయారీతో మొదలయ్యే పని. పడుగు సరిగా పట్టకపోతే తర్వాత ఎంత నేర్పరి కూర్చున్నా గుడ్డ కుదరదు. భాష ఈ తేడాను ఎంత జాగ్రత్తగా పట్టుకుందో సాలెపురుగు దగ్గర చూడాలి. సాలె అంటే నేసేవాడు. సాలెపురుగు, సాలీడు రెండూ నేతగాడి పేరు పెట్టుకున్న పురుగు పేర్లే. కన్నడంలో జేడ అంటే సాలెపురుగు, నేతపనివాడు కూడా. 10-11 శతాబ్దాల నాటి వచనకారుడు జేడర దాసిమయ్య పేరులో ఉన్నది నేతవృత్తే. సంస్కృత తంతువాయ శబ్దానికి కూడా రెండర్థాలూ ఉన్నాయి. 13వ శతాబ్ది చివర రుద్రమదేవి రాజ్యం గురించి రాసిన మార్కోపోలోకు ఇక్కడి సన్నబట్టను చూసి గుర్తొచ్చింది సాలెగూడే. ఇన్ని భాషల వాళ్లు ఆ పురుగును నేతగాడన్నారు. అయినా తెలుగువాళ్లు సాధారణంగా సాలెపురుగు గూడు నేసిందని అనరు, అల్లిందనే అంటారు. పేరు ఇచ్చేటప్పుడు గౌరవంతో నేతగాడి పేరు ఇచ్చారు. పని పేరు దగ్గరికి వచ్చేసరికి దానికి మగ్గం లేదన్న సంగతి మరిచిపోలేదు. చదువుకున్న పండితులు కూర్చుని చేసిన నిర్ణయం కాదిది. పని తెలిసిన జనం నోట నిలిచిన తీర్పు.

చేవెళ్ల, మొయినాబాద్‌లకూ మగ్గానికీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. నేత అనగానే పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట గుర్తొస్తాయి. ఇక్కడ గుర్తొచ్చేవి కూరగాయలు, పత్తిచేలు, చిలుకూరు బాలాజీ, గండిపేట, హిమాయత్‌సాగర్. కానీ పట్టుచీర, నూలుచీర మాత్రమే నేత అనుకోవడం పట్నం చూపు. దక్కన్ పీఠభూమి మీద మరో నేత ఉంది, గొంగడి నేత. నల్లగొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికిన ఉన్నితో కురుమలు గుంట మగ్గం మీద నేసేది. పడుగు సాగదీసి, చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వి గట్టిపరుస్తారు. అలా నేసిన గొంగడి మొదట్లో గరుకుగా, బిర్రుగా ఉంటుంది. వాడగా వాడగా ఒంటికి అలవాటవుతుంది. వానలో కొప్పెర వేసుకుంటే నీళ్లు జారిపోతాయి, చలిలో కప్పుకోవచ్చు, మంద దగ్గర రాత్రి పరుచుకోవచ్చు. చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్లలోనూ కురుమలున్నారు, గొర్ల మందలున్నాయి. గొంగడిలో తింటూ వెంట్రుకలు ఏరడం అన్న సామెత అందరికీ తెలుసు. కానీ తెలంగాణలో చాలా మందల్లో ఇప్పుడు ఉన్ని ఇచ్చే నల్ల దక్కనీ గొర్రె తగ్గి, మాంసానికి పనికొచ్చే, బొచ్చు లేని నెల్లూరు రకం ఎర్రగొర్రె పెరిగింది. గొర్రె మారితే ఉన్ని పోతుంది, ఉన్ని పోతే వడకడం పోతుంది, వడకడం పోతే నేత పోతుంది, దాంతోపాటు ఆ నేత చుట్టూ తిరిగిన మాటలూ పోతాయి. ప్రసిద్ధ కేంద్రాల్లో మాటను కాపాడటానికి సొసైటీలున్నాయి, అవార్డులున్నాయి, భౌగోళిక గుర్తింపు ఉంది. ఇలాంటి ఊళ్లలోనే మాట చప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే ప్రశ్న ఇక్కడ వేయాలి.

ఇప్పుడు 'చేనేత' దగ్గరికి వద్దాం. ఇది చే, నేత కలిసిన సమాసం. చేయూత, చేవ్రాలు లాంటి మాటల అచ్చు. అచ్చు పాతదే. కానీ నేతకు ముందు 'చే' పెట్టాల్సిన అవసరం ఎప్పుడు వచ్చింది? చేతితో కాని నేత ఒకటి ఎదురుగా నిలబడ్డాక. అంతకుముందు నేతంటేనే చేతిది. నడిచేవాడిని కాలినడకన వెళ్లాడని ప్రత్యేకించి చెప్పాల్సింది బండ్లు వచ్చాకే కదా. బ్రాయిలర్ కోడి వచ్చాక మన కోడి నాటుకోడి అయింది. అలాగే 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం తయారుచేశాక, 1850లలో బొంబాయిలో మిల్లు లేచాక, 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వచ్చాక, ఊళ్లో మగ్గం మీద జరిగే పని తన పేరును కొత్తగా చెప్పుకోవాల్సి వచ్చింది. సొంత ఇంట్లో ఉన్నవాడే తన గుర్తింపు కార్డు చూపించాల్సి వచ్చినట్టు. ఈ మాట నా ఊహ కాదనడానికి చట్టమే సాక్ష్యం. చేనేతకు కొన్ని రకాల బట్టలను కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చేసిన చట్టం చేతిమగ్గాన్ని ఎలా నిర్వచించిందో తెలుసా? మరమగ్గం కాని మగ్గం ఏదైనా చేతిమగ్గమే అని. వేల ఏళ్ల పనికి తనదైన నిర్వచనం లేదు. నిన్నమొన్న వచ్చిన దాన్ని ముందు చెప్పి, అది కానిదేదో ఇదే అన్నారు. మొదట 22 రకాలకు ఉన్న ఆ రక్షణ తర్వాత 11 రకాలకు తగ్గింది. మాటలో మొదలైన ఈ ఎదురుపెట్టి చెప్పడం చట్టంలో కూడా అలాగే ఉండిపోయింది.

దీనికి జవాబుగా కొందరు ఇంకో మాట అంటారు. చేనేత అనే పేరు పెట్టుకుని యంత్రాన్ని కాదనడం మొండితనం కాదా, పనివాళ్ల ఒళ్లు హూనం చేసే కష్టాన్ని గౌరవం పేరుతో కాపాడటం న్యాయమా అని. కష్టాన్ని తీర్థంలా కళ్లకద్దుకోమని ఎవరూ అనడం లేదు. ఆసు యంత్రం చూడండి. పోచంపల్లి తరహా చీరకు రంగులద్దే ముందు నూలును కొక్కేల చుట్టూ చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోయాలి. భుజాలు పడిపోయే పని, ఎక్కువగా ఆడవాళ్లు చేసేది. తల్లి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చినా మగ్గం మీద పేక పోసేది చెయ్యే, కనుక అది చేనేతే. చేనేత అన్న మాటలో ఉన్న 'చే' కష్టానికి గుర్తు కాదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో చెప్పే గుర్తు. పోగు తెగితే ఆగాలా, అంచు ఎక్కడ మార్చాలి, రంగు ఎక్కడ తిప్పాలి అన్నది మగ్గం ముందు కూర్చున్న మనిషి తేల్చుకుంటే అది చేనేత. యంత్రం ఆ నిర్ణయాన్ని మింగనంత వరకు దానితో పేచీ లేదు.

ఇదే సందర్భంలో నాకు అసంతృప్తిగా ఉన్న మాట ఒకటి చెప్పాలి: నేతన్న. రైతన్న మాదిరిగా ప్రేమతో పుట్టిన మాటే. నాయకుడితో ఉన్న గందరగోళాన్ని కూడా ఒక్క దెబ్బతో తీర్చేసింది. నేతన్న అంటే ఎవరూ పొరపాటున నాయకుణ్ని తలచుకోరు. నేతన్నకు చేయూత, నేతన్న నేస్తం, నేతన్న బీమా అంటూ రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ పథకాలకు ఆ పేరే పెట్టాయి. అయితే 2019-20 జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్న 35 లక్షల పైచిలుకు మందిలో 70 శాతానికి మించి ఆడవాళ్లే. నూలు తోడేది, కండెలు చుట్టేది, ఆసు పోసేది, చాలా చోట్ల మగ్గం ఎక్కేది కూడా వాళ్లే. సాలీడు మగవాడే, నేతగాడు మగవాడే, నేతన్న మగవాడే. నేతక్క అన్న మాట పత్రికల్లో ఎక్కడా నిలదొక్కుకోలేదు. నేత అన్న మూలపదం మాత్రం ఈ తప్పు చేయలేదు. అది పని పేరు కనుక అందులో ఆడా మగా లేరు, కులం కూడా లేదు. పద్మశాలి, దేవాంగ, తొగట కులాలతో పాటు షెడ్యూల్డ్ కులాల జాబితాలో 'మాల సాలె, నేతకాని' అన్న పేర్లున్నాయి. ఉన్ని నేసే కురుమలది ఇంకో దారి. ఒకే పనిని ఇన్ని మెట్ల మీద కూర్చోబెట్టింది సమాజం. ఆ పనికి ఉన్న మాట మాత్రం ఒక్కటే.

ఇంత దూరం వచ్చాక, ఒకే శబ్దానికి రెండర్థాలుంటే వచ్చే నష్టమేమిటి, ఏ భాషలో లేదు ఇది, అనే వాదం మిగిలే ఉంటుంది. నష్టం శబ్దంలో లేదు. ఏ అర్థం తరచుగా కంటపడుతుందో అదే అసలు అర్థంగా స్థిరపడిపోవడంలో ఉంది. రోజూ పత్రిక తెరిస్తే అధినేత, ప్రతిపక్ష నేత, సీనియర్ నేత. మగ్గానికి చెందిన నేత ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి ఒకసారి, కష్టాల వార్తల్లో ఇంకొన్నిసార్లు. గొప్పతనం ఒక నేతకూ దీనత్వం ఒక నేతకూ పంచి ఇచ్చినట్టయింది. ఇది మాట చరిత్రకు తలకిందుల లెక్క. పాలనకు సంస్కృతం ఇచ్చిన మాటల్లో ముఖ్యమైనది తంత్రం. గణతంత్రం, ప్రజాతంత్రం, స్వాతంత్ర్యం అన్నింటిలోనూ అదే ఉంది. తన్ అంటే సాగదీయడం. తంత్రం అంటే మొదట మగ్గం, మగ్గం మీద సాగదీసి కట్టిన పడుగు. నిలువు పోగులు ఒక పద్ధతిలో బిగించి ఉంటే తప్ప గుడ్డ నిలవదని చూసిన మనుషులు, రాజ్యానికీ అలాంటి బిగువు కావాలనుకుని ఆ మాటను అక్కడికి మోసుకెళ్లారు. మన గణతంత్రానికి పేరు మగ్గం దగ్గర దొరికింది. నాయకుడైన నేత నిలబడే వేదికే నేసే నేత ఇచ్చిందన్నమాట. రెండు మాటలకూ రక్తసంబంధం లేదని పైన తేల్చిన నేనే ఈ సంబంధాన్ని ఒప్పుకుంటున్నాను. ఇది శబ్దం వల్ల వచ్చినది కాదు, పని వల్ల వచ్చినది.

ఈ లెక్క సరిచేయడానికి దారి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. వృత్తిపనివాళ్ల మాటలను ఊరూరా తిరిగి సేకరించి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండో సంపుటం చేనేత పదాలది. నాగలి తర్వాత ఆయన వెతికింది మగ్గాన్నే. ఆ సేకరణకు ఇప్పుడు అరవై ఏళ్లు దాటుతున్నాయి. గొంగడి నేసినవాళ్లలో, ఉన్ని వడికినవాళ్లలో మిగిలిన పెద్దలు ఇంకా చేవెళ్ల, మొయినాబాద్ లాంటి చోట్ల కొన్ని ఇళ్లలో ఉంటారు. ఈ రెండు మండలాల్లో తెలుగు చెప్పే టీచర్లకు ఒక విన్నపం. ఈ దసరా సెలవుల్లో పిల్లలకు ఇచ్చే హోంవర్క్‌లో ఒక్క పని చేర్చండి: ఇంట్లో తాతనో అవ్వనో అడిగి గొర్రె బొచ్చు నుంచి గొంగడి దాకా ప్రతి పనిముట్టు పేరూ, ప్రతి పని పేరూ వాళ్లు పలికినట్టే రాసుకు రమ్మనండి.